రోమన్ నాణేల సేకరణ మొదలుపెట్టాలంటే ఏది మేలు: వెండి డినేరియసా, కాన్‌స్టంటైన్ కంచు నాణెమా?

కొత్తగా దిగినవాళ్లు ముందు డినేరియస్ మీదే పడతారు. వెండి కదా, పైగా చక్రవర్తి ట్రాజన్ ముఖం చూస్తే ఎవరికైనా మనసు లాగుతుంది. నన్నడిగితే మాత్రం మొదట నాలుగో శతాబ్దపు చక్రవర్తి కాన్‌స్టంటైన్ కాలపు చిన్న కంచు నాణేలే కొనమంటాను.

డినేరియస్‌లో గొప్పదనం దాని రాతలోనే ఉంది. చక్రవర్తి బిరుదులు వరసగా ఉంటాయి, చాలావాటిలో అంకెలు కూడా ఉంటాయి కాబట్టి కాలం బాగా దగ్గరగా తేలుతుంది. ట్రాజన్ నాణెం మీద కాన్సుల్ పదవి (రోమ్‌లో పెద్ద పదవి, ఎన్నోసారి చేపట్టాడో అంకె చెబుతుంది) అంకె ఐదు ఉంటే క్రీ.శ. 103-111 మధ్యది, ఆరు ఉంటే 112 నుంచి 117 లోపుది. ఇబ్బందల్లా నకిలీలతోనే. పోతపోసిన నకిలీకి అంచు చుట్టూ సన్నటి అతుకు గీత, పైన బుడగల గుంటలు కనబడొచ్చు, కానీ ఇవి పట్టుకోవాలంటే అసలువి బోలెడు చూసిన కన్ను కావాలి. తూకం వేసి చూద్దామన్నా అన్నిటికీ ఒకే లెక్క పనికిరాదు: మొదటి చక్రవర్తి అగస్టస్ నాటి డినేరియస్ సుమారు 3.9 గ్రాములుంటే, క్రీ.శ. 64లో చక్రవర్తి నీరో బరువు తగ్గించాక 3.4 దాకా దిగింది. రాగి మీద వెండి పూత వేసిన దొంగ నాణేలు ఆ కాలంలోనే ఉండేవి, అది ఇంకో టెన్షన్.

కంచు నాణెం చేతికి తీసుకోండి. ఒక రకంలో బొరుసు వైపు ఇద్దరు సైనికులు, మధ్యలో సైనిక ధ్వజాలు. రెండు ధ్వజాలుంటే 330-335 నాటిది, ఒక్కటే ఉంటే ఆ తర్వాతది, సైజు కూడా చిన్నదే. సైనికుల పాదాల కింద గీత, దాని కింద టంకశాల గుర్తు: ఎస్‌ఎంఎన్ అంటే నికోమీడియా, ఎస్‌ఎంకే అంటే సైజికస్, టీఆర్ అంటే ట్రియర్. పక్కనుండే ఇంకో అక్షరం ఆ టంకశాలలో ఏ విభాగం కొట్టిందో చెబుతుంది. ఇక బొమ్మ వైపు తండ్రీకొడుకుల ముఖాలు ఒకేలా అనిపిస్తే రాత చదవండి, మాక్సిమస్ ఆగస్టస్ (ఇక్కడ ఆగస్టస్ అన్నది చక్రవర్తి బిరుదు) అనే అర్థంలో పొట్టి రాత ఉంటే కాన్‌స్టంటైన్, నోబిలిసిమస్ సీజర్ (వారసుడి బిరుదు) అనే అర్థంలో ఉంటే కొడుకుల్లో ఒకరు. ఇంత చిన్న బిళ్లలో ఊరు, కాలం, మనిషి మూడూ దొరుకుతాయి, అదీ తక్కువ ధరలో.

మట్టితో ఉన్నవి గుట్టగా కొనడం మాత్రం వద్దు. తీగ బ్రష్‌తో రుద్దితే చిలుముతో పాటు అక్షరాలూ పోతాయి, పైగా అవి ఎక్కడ తవ్వి తెచ్చినవో చెప్పేవాళ్లుండరు.

నల్గొండ జిల్లా అక్కన్‌పల్లి నిధిలో అగస్టస్, టైబీరియస్ చక్రవర్తుల డినేరియస్‌లు బయటపడ్డాయి కాబట్టి మనవాళ్లకు వాటిపై మోజు ఎక్కువే. కానీ మన నేలలో దొరికింది కొనకండి. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం అలాంటివి కలెక్టర్‌కు తెలియజేయాలి. ఎక్కడినుంచి వచ్చిందో కాగితం చూపించే అమ్మకందారు దగ్గరే తీసుకోండి.

వెండికి వెళ్లే రోజు వచ్చినా టైబీరియస్‌తో మొదలెట్టొద్దు, బైబిల్లో ఏసు చూపించమన్న నాణెం అదేనన్న నమ్మకం వల్ల ధర బాగా ఎక్కువ. రాత చక్కగా కనబడే చక్రవర్తి ఆంటోనైనస్ పయస్ డినేరియస్ ఒకటి, కాస్త అరిగినా పర్లేదు, చాలు.