అల్లెగ్రదొన్న కట్నం వెతుక్కుంటూ విచెంజాకు

ఒక మంచం, దుప్పట్లు, కొత్తవీ పాతవీ కలిపి కొన్ని అంగీలు, చేతిరుమాళ్లు, గుడ్డ ముక్కలు. 1534 ఏప్రిల్‌లో ఇటలీలోని విచెంజాలో అల్లెగ్రదొన్న అనే వడ్రంగి కూతురు ఒక రాతిపనివాణ్ణి చేసుకున్నప్పుడు తెచ్చుకున్న కట్నం ఇది. ఇచ్చింది పుట్టింటివాళ్లు కాదు, ఆమె కొలువు చేసిన ఇంటి యజమానురాలు ఆంజెలా పొయానా. నోటరీ ఒక్కొక్క వస్తువూ రాసుకున్నాడు కాబట్టి మనకు తెలిసింది. ఆ పెళ్లికొడుకే తరవాత పేరుమోసిన భవనశిల్పి ఆంద్రెయా పల్లాడియో అయ్యాడు.

పాలిటెక్నిక్‌లో చాలా ఏళ్లుగా పిల్లలకు పల్లాడియో కట్టిన విల్లా రొటోండా ప్లాన్ బోర్డు మీద గీసి చూపిస్తున్నాను. నాలుగు వైపులా నాలుగు వాకిళ్లు, నడిమధ్య గుండ్రటి హాలు. ఆ గీత గీసినాయన ఇంట్లో ఎవరెవరు ఉండేవారో ఒక్కసారైనా అనుకోలేదు. ఈ కట్నం జాబితా చదివాక మనసు ఆగలేదు. తోడు రమ్మని అక్కని అడిగితే, "భవనాలు చూపిస్తావా, కాగితాలు చూపిస్తావా?" అంది. రెండూ అన్నాను. చివరికి ఆరు రోజుల్లో నాకు మిగిలింది ఎక్కువగా కాగితాలే.

ముందు బస సంగతి. మొదటి రెండు రాత్రులు పాదువాలో, మిగతావి విచెంజాలో ఉన్నాం. మధ్య రైలు ప్రయాణం అరగంట లోపే, కాబట్టి ఒకే ఊళ్లో ఉండి రెండోది చూసిరావచ్చు. మళ్లీ వెళితే విచెంజా పాత ఊళ్లోనే ఆరు రాత్రులూ ఉంటాను. పాదువాలో స్టేషన్ పక్కన తీసుకున్న గది శుభ్రంగానే ఉంది కానీ, ఫొటోలో చూపించిన వంటగది లేదు. అడిగితే అది పై అంతస్తు గదులకే అన్నారు. విచెంజాలో ఒక పెద్దావిడ తన ఇంట్లో రెండు గదులు అద్దెకిస్తుంది. మెట్లు మూడంతస్తులు, లిఫ్టు లేదు, అక్క మోకాళ్లకు కష్టమైంది. అయినా పొద్దున్నే కిటికీ తెరిస్తే బజిలికా అనే పాత సభాభవనం రాగి కప్పు కనిపించేది. ఒక హెచ్చరిక: జనవరిలో, సెప్టెంబరులో అక్కడ బంగారు నగల ప్రదర్శన జరుగుతుంది. ఆ రోజుల్లో గదులు దొరకవు, దొరికినా ధర మోయలేం.

పల్లాడియో పుట్టింది పాదువాలో, 1508లో. తండ్రి పియెత్రో దెల్లా గొండోలా పిండిమర పనివాడు, తల్లి మార్తా. ఆమెకు కాలు కుంటి. కాగితాల్లో ఆ పేరుతోనే కనిపిస్తుంది, కుంటి మార్తా అని. ఎన్నో ఏళ్లు విచెంజావాళ్లు ఆయన మావాడే అనుకున్నారు. పాదువా నోటరీ కాగితాలను వెలికితీసి ఆ ముడి విప్పినవాళ్లలో 20వ శతాబ్దపు పరిశోధకురాలు ఎరిచె రిగోని ముఖ్యురాలు. చర్చిలో బాప్తిస్మం పుస్తకం చూస్తే పోలేదా అనిపిస్తుంది. కానీ బాప్తిస్మాలూ పెళ్లిళ్లూ ప్రతి చర్చిలో తప్పకుండా రాయాలన్న నియమం 1563లో ముగిసిన కాథలిక్ చర్చి ట్రెంట్ మహాసభతో వచ్చింది. అంతకు ముందు మామూలు మనిషి బతుకు నోటరీ దగ్గరకు వెళ్లిన రోజునే కాగితం మీద కనిపిస్తుంది: అప్పు చేసినప్పుడు, పిల్లవాణ్ణి పనికి పెట్టినప్పుడు, కూతురి పెళ్లప్పుడు.

1521లో ఈ పిల్లవాణ్ణి కూడా అలాగే పనికి పెట్టారు. పాదువాలో బర్తొలొమెయో కవాజ్జా అనే రాతిపని మేస్త్రీ దగ్గర ఆరేళ్లకు ఒప్పందం. 1523లో కుర్రవాడు విచెంజాకు పారిపోయాడు, వెనక్కి రప్పించారు. 1524కల్లా మళ్లీ విచెంజాలోనే, పెదెమురో వీధి పనివాళ్ల దగ్గర చేరి, అక్కడి రాతిపనివాళ్ల సంఘంలో పేరు నమోదు చేయించుకున్నాడు. మొదటి మేస్త్రీ దగ్గర ఏమైందో ఒప్పందం చెప్పదు. పద్నాలుగేళ్ల పిల్లవాడు ఊరు దాటి పరుగెత్తాడంటే, చదువుతుంటే నాకు గుండె కలుక్కుమంది.

ఇలాంటి పాత కాగితాలు భద్రపరిచే పాదువా రాజ్య అభిలేఖాగారం ఊరికి పడమటి అంచున వియా దెయ్ కొల్లిలో ఉంది, బస్సు తప్పదు. విచెంజాది బోర్గో కసాలెలో, పాత ఊరినుంచి నడిచి వెళ్లొచ్చు. రెండుచోట్లా ప్రవేశం ఉచితం. పాస్‌పోర్టు చూపించి, ఫారం నింపి, సంచి లాకర్లో పెట్టి, పెన్సిల్ మాత్రమే పట్టుకుని లోపలికి వెళ్లాలి. సొంత ఫోన్‌తో ఫ్లాష్ లేకుండా ఫొటోలు తీసుకోవచ్చు, దానికీ డబ్బు కట్టక్కర్లేదు. వెళ్లే ముందు పనివేళలు సరిచూసుకుని, ఏం చూడాలో వారం ముందే మెయిల్ రాయండి. నేను గూగుల్‌తో రాయించుకున్న ఇటాలియన్ మెయిల్‌కే ఎంతో మర్యాదగా జవాబు వచ్చింది.

అన్నిటికంటే విలువైన సలహా విచెంజా ఉద్యోగిని ఇచ్చింది: ముందు అచ్చయిన ప్రతులు చదవండి, తరవాత ఆ కాలపు సంపుటం ఒకటి తెప్పిస్తాను, రాత ఎలా ఉంటుందో చూడండి అని. పల్లాడియో కాగితాలను వందేళ్లకు పైగా పండితులు అచ్చువేస్తూ వచ్చారు, బెర్తొలియానా గ్రంథాలయంలో అవి దొరుకుతాయి. రెండో రోజు 1530ల నాటి నోటరీ సంపుటం బల్ల మీదకు వచ్చింది. అది మన పాత కరణాల గొలుసుకట్టు రాతలాంటిదే, అక్షరం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తెలియదు. పైగా లాటిను, సగం మాటలు కుదించినవి. గంటసేపట్లో నేను పోల్చుకున్నవి రెండే, ఒక తేదీ, ఒక పేరు. అక్క వేలుతో తాకకుండా గాల్లోనే ఆ గీతలు దిద్దింది.

ఆన్‌లైన్‌లో గంటల లెక్కన మాట్లాడుకున్న ఒక గైడ్ మాత్రం మా డబ్బు వృథా చేశాడు. పాత రాత చదువుతానని చెప్పి, వచ్చాక భవనాల గురించి అందరికీ తెలిసిందే చెప్పాడు. పాత లిపి నేర్చినవాళ్లు కావాలంటే అభిలేఖాగారంలోనే అడగండి.

ఇక ఊళ్లో చూసినవి. కోర్సో పల్లాడియో చివర "పల్లాడియో ఇల్లు" అని పేరుపడ్డ సన్నటి భవనం ఉంది. ఆయన ఏనాడూ అందులో ఉండలేదు, అది పియెత్రో కొగొల్లో అనే నోటరీ ఇల్లు. కాగితాల వెంట తిరిగే నాకు ఆ నిజమే ఇంకా నచ్చింది. పలాజో బర్బరాన్‌లోని పల్లాడియో మ్యూజియానికి కనీసం మూడు గంటలు ఇవ్వండి, కొయ్య నమూనాలు చూసి నేర్చుకోవడానికి అంతకు మించిన చోటు నేను చూడలేదు. రొటోండా అందంగానే ఉంది, కానీ లోపలికి వెళ్లే రోజులు తక్కువ. పిల్లలకు చెప్పేందుకు కొలతలు రాసుకుని వచ్చేశాను. తిండికి శాకాహారులకు బిగోలి అనే లావు సేమ్యా పర్వాలేదు. అక్క అక్కడి ఎండుచేప కూరను మొక్కజొన్న సంకటితో తిని, రెండో రోజూ అదే అడిగింది.

బజిలికా ముందు మాత్రం చాలాసేపు కూర్చున్నాను. దాని చుట్టూ రాతి కమాన్ల వసారాలు కట్టించింది పల్లాడియోనే. 1549 నుంచి ఆ పనికి ఆయన జీతం నెలకు ఐదు డుకాట్లు, అంటే ఆనాటి వెనిస్ నాణేలు. ఐదుగురు పిల్లలు: లెయొనిదా, మర్కంతోనియో, ఒరాజియో, జెనోబియా, సిల్లా. 1564లో జెనోబియాను ఒక కంసాలికిచ్చి పెళ్లి చేశారు. ఒరాజియో పాదువాలో న్యాయశాస్త్రం చదివాడు. 1572లో లెయొనిదా, ఒరాజియో ఇద్దరూ పోయారు. మూడేళ్ల తరవాత సీజరు యుద్ధాల పుస్తకాన్ని పల్లాడియో బొమ్మలతో అచ్చువేసినప్పుడు, ఆ బొమ్మల పని మొదలుపెట్టింది తన ఇద్దరు కొడుకులే అని ముందుమాటలో రాసుకున్నాడు. కొడుకుల గురించి ఆయనే చెప్పుకున్నది ఇది చదివాక, ఆయన కట్టిన ఏ స్తంభాన్నీ నేను మునుపటిలా చూడలేకపోయాను.

ఆయన 1580లో పోయేనాటికి, ఆయనే గీసిన తెయాత్రో ఒలింపికో అనే నాటకశాల పని మొదలై కొన్ని నెలలే. చిన్నకొడుకు సిల్లా ఆ పని అందుకున్నాడు, స్కమోజ్జి అనే మరో భవనశిల్పి రంగస్థలం వెనక కనిపించే వీధుల సెట్టింగు అమర్చాడు, 1585లో నాటకం ఆడారు. టికెట్టు మ్యూజియంలతో కలిపి ఉమ్మడిగా తీసుకుంటే చవక. సోమవారం మూసేస్తారు.

ఆఖరి రోజు సాంతా కొరోనా చర్చికి వెళ్లాం. ఆయన్ని అక్కడే పాతిపెట్టారు. 19వ శతాబ్దంలో ఎముకలు తీసి ఊరి పెద్ద శ్మశానంలో పాలరాతి కట్టడం కింద పెట్టారు, అవి ఆయనవేనా అన్న అనుమానం ఇప్పటికీ ఉంది. శ్మశానానికి వెళదామా అని అక్కని అడిగాను. "అల్లెగ్రదొన్న పేరు ఉందా దాని మీద?" అంది. లేదన్నాను. ఆ మధ్యాహ్నం తిరిగి బోర్గో కసాలె అభిలేఖాగారానికే వెళ్లి, మూసే వేళదాకా కూర్చున్నాం.