పానుగంటి వారి ‘సాక్షి’: పైకి చదివితేనే మజా

విజయవాడ పుస్తకాల ఎగ్జిబిషన్‌లో ఓ స్టాల్ కుర్రాణ్ణి "సాక్షి ఉందా బాబూ" అని అడిగితే "పేపర్ బయట బడ్డీ కొట్లో దొరుకుద్దండీ" అన్నాడు. నవ్వొచ్చింది గానీ వాడి తప్పేముంది, పానుగంటి లక్ష్మీనరసింహారావు గారిని మనం బడి వాచకంలోనే వదిలేసి వచ్చాం కదా.

ఆయన ‘సాక్షి’ వ్యాసాలు పుస్తకాలుగా రాసినవి కావు, పత్రికలో పడ్డ కాలమ్స్. 1913లో సువర్ణలేఖ పత్రికలో మొదలై, తర్వాత 1920 నుంచి ఆంధ్రపత్రికలో వచ్చాయి. ఇంగ్లీషులో అడిసన్, స్టీల్ నడిపిన ‘స్పెక్టేటర్’ పత్రిక చూసి పుట్టిన ఆలోచన, కానీ లోపలి మనుషులు మాత్రం అచ్చంగా మనవాళ్ళే. సాక్షి, జంఘాలశాస్త్రి, కాలాచార్యుడు, వాణీదాసు, బొఱ్ఱయ్యసెట్టి కలిసి ఓ సంఘం పెట్టుకుని లోకం మీద చర్చలు చేస్తుంటారు. చర్చలని పేరుకే, జంఘాలశాస్త్రి లేచాడంటే మిగతావాళ్ళకి ఇక ఛాన్స్ లేనట్టే!

నిజం చెప్పాలంటే మొదటి వారం మూడు పేజీలు కూడా దాటలేకపోయాను. గ్రాంథికం, అరసున్నలు, అరపేజీ సాగే వాక్యాలు. ఓ సాయంత్రం అమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ "లోపల్లోపల గొణుక్కోవడం దేనికిరా, పైకి చదువు" అంది. ‘స్వభాష’ అనే వ్యాసం తీశాను. తెలుగువాడై పుట్టి తెలుగులో మాట్లాడలేనన్న పెద్దమనిషికి శాస్త్రి పెట్టే చీవాట్లు అవి. ఒకే మాటని పది రకాలుగా తిప్పి తిప్పి అంటాడు, కంటితో చదివినప్పుడు ‘మళ్ళీ అదేనా’ అనిపించిన చోటే చెవికి డప్పు దరువులా ఉంది, ఒక్కో దెబ్బా ముందు దానికంటే గట్టిగా పడుతుంది. నాకు ఊపిరందక ఆగితే అమ్మ చేతిలో కాయ అలాగే పట్టుకుని "ఆపావేం, ఇంకా తిట్టమను" అంది.

ఒక పక్క గిడుగు వారు వాడుక భాష కోసం పోరాడుతున్న కాలంలో ఈయన మాత్రం గ్రాంథికంలోనే ఇంత నవ్వించాడంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. అలాగని వరసబెట్టి చదవకండి, నాలుగో వ్యాసానికి విసుగొస్తుంది, వారానికొకటి చదువుకునే జనం కోసం రాసింది మరి. కొన్ని అభిప్రాయాలు బాగా పాతబడ్డాయి, అక్కడ పేజీ తిప్పేశాను.

నేను కొన్న ప్రింటు మీద మాత్రం కోపంగా ఉంది. చీమల్లాంటి అక్షరాలు, కష్టమైన మాటలకి అర్థాలు లేవు, ఏ వ్యాసం ఎప్పుడు అచ్చయిందో కూడా వెయ్యలేదు. కాలమ్‌కి తేదీ లేకపోతే దేని మీద విసురో ఎలా తెలుస్తుంది? కొనేముందు లోపల తెరిచి చూసుకోండి, వేరే ప్రింట్లు కూడా దొరుకుతాయి.

ఇప్పుడు అమ్మ సీరియల్ అయ్యాక రోజుకొకటి. ఊపిరి పీల్చుకోవాల్సిన చోట్ల ముందే పెన్సిల్‌తో గీతలు పెట్టుకుంటున్నాను.