ఇడ్లీ పిండి: ఇంట్లో రుబ్బాలా, ప్యాకెట్ కొనాలా, పొడి కలపాలా?

సూపర్‌మార్కెట్ ఫ్రిజ్‌లో పెరుగు డబ్బాల పక్కనే కిలో ఇడ్లీ-దోసె పిండి కవరు ఉంటుంది. ఊరిని బట్టి, బ్రాండును బట్టి 80 నుంచి 100 రూపాయలు. రెండు అరలు దాటితే పెరుగు కలిపి ఆవిరికి పెట్టేసే రవ్వ ఇడ్లీ పొడి, అర కిలో 130 రూపాయల దాకా. ఇక వీధి చివర గ్రైండర్ పెట్టుకుని కవర్లలో తూచి ఇచ్చేవాళ్లు సరేసరి. ఈ మూడింటినీ ఇంట్లో రుబ్బిన పిండి పక్కన పెట్టి చూసిన సమీక్ష ఇది.

తీర్పు ముందే చెప్పేయొచ్చు. వారానికి రెండుసార్లైనా ఇడ్లీనో దోసెనో తినే ఇంటికి రుబ్బుకున్న పిండిని మించింది లేదు. ఫ్రిజ్‌లో దొరికే తడి పిండి అవసరానికి ఆదుకుంటుంది, కాకపోతే కవరు వెనకవైపు చదివి కొనాలి. పొడి మిక్స్ మాత్రం దండగ.

ముందు డబ్బు సంగతి. 200 గ్రాముల మినపగుండ్లు, 400 గ్రాముల ఇడ్లీ రవ్వ తీసుకుందాం. గుండ్లు కిలో 140, రవ్వ కిలో 50 అనుకుంటే 28, 20 కలిపి 48 రూపాయలు. 150 వాట్ల టేబుల్ టాప్ గ్రైండర్ అరగంట తిరిగితే కరెంటు రూపాయి కూడా కాదు. దీంతో సుమారు కిలో 400 గ్రాముల పిండి వస్తుంది. ఇడ్లీకి 50 గ్రాముల చొప్పున 28 ఇడ్లీలు, అంటే ఒక్కోటి రూపాయి ముప్పావలా లోపే. 90 రూపాయల కిలో ప్యాకెట్‌లో 20 ఇడ్లీలు వస్తే ఒక్కోటి నాలుగున్నర. పొడి మిక్స్‌కి పెరుగు ఖర్చు కూడా కలుపుకోవాలి. అర కిలోకి పాతిక ఇడ్లీలు పడినా ఒక్కోటి ఆరున్నర, ఏడు రూపాయలకు తేలుతుంది. మీ ఊరి ధరలు వేసి చూసుకోండి, అంకెలు మారతాయేమో గాని వరస మారదు.

నలుగురున్న ఇంట్లో ఆ 28 ఇడ్లీలు రెండు పూటల టిఫిన్. వారానికి ఒక్కసారే రుబ్బినా ప్యాకెట్‌తో పోలిస్తే 75 రూపాయల పైన మిగులుతుంది, ఏడాదికి నాలుగు వేల దగ్గర. రెండు లీటర్ల గ్రైండర్ ధర ఏడాది, ఏడాదిన్నరలో తిరిగొచ్చేస్తుంది. అయితే ఇలాంటి లెక్కల్లో ఇంట్లోవాళ్ల చాకిరీకి సున్నా వేసేయడం అలవాటు. కడగడం, రుబ్బడం, కలపడం, ముఖ్యంగా ఆ రాళ్లు కడిగి ఆరబెట్టడం కలిపి మనిషి నిలబడి చేయాల్సిన పని పాతిక నిమిషాలు ఉంటుంది. అది ఇంట్లో ఒక్కరి నెత్తినే పడుతుంటే ప్యాకెట్‌కి పెట్టే అదనపు డబ్బును దుబారా అనలేం. గ్రైండర్ కడిగే పని ఇంకొకరు తీసుకుంటే సగం గొడవ వదిలిపోతుంది.

తడి పిండి ప్యాకెట్ల వ్యాపారం ఇంత పెద్దదవడానికి బెంగళూరులో 2005లో మొదలైన ఐడి ఫ్రెష్ కంపెనీ దారి చూపింది. ఆ తర్వాత ప్రతి ఊళ్లోనూ స్థానిక బ్రాండ్లు పుట్టుకొచ్చాయి. మంచి ప్యాకెట్‌లో ఉండేవి బియ్యం, మినప్పప్పు, నీళ్లు, కొందరైతే మెంతులు, ఉప్పు. అంతకు మించి ఏమీ అక్కర్లేదు. పదార్థాల పట్టికలో ఎక్కువ బరువున్నది ముందు రావాలన్నది నియమం. సోడా వేస్తే ఐ.ఎన్.ఎస్. 500 అనీ, నిమ్మ ఉప్పు వేస్తే ఐ.ఎన్.ఎస్. 330 అనీ కనిపిస్తుంది (ఆహారంలో కలిపే సరుకులకు ఇచ్చే అంతర్జాతీయ నంబర్లివి). ఇవి విషాలేమీ కావు. కాని పులియడం చేయాల్సిన పనిని వీటితో చేయిస్తున్నారంటే, మీరు డబ్బిచ్చింది పులిసిన పిండికి కాదన్నమాట.

అసలు చూడాల్సింది పప్పు ఎంత వేశారన్నది. ఖరీదైన దినుసు మినప్పప్పే కాబట్టి కోత పడేది అక్కడే. పాళ్లు కవరు మీద రాయరు గాని, పోషకాల పట్టిక పట్టిస్తుంది. 100 గ్రాములకు పిండి పదార్థాలు అంటే కార్బోహైడ్రేట్లు ఎంత, ప్రోటీన్ ఎంత అని ఉంటుంది కదా, మొదటి అంకెను రెండో దానితో భాగించండి. మినప్పప్పులో ప్రోటీన్ నూటికి 23, 24 గ్రాములు, బియ్యంలో 7, 8. పప్పు ఒకటికి బియ్యం రెండు పాళ్లలో రుబ్బిన ఇంటి పిండికి ఈ భాగహారం ఐదున్నర దగ్గర తేలుతుంది. ఒకటికి నాలుగు పాళ్లు వేస్తే ఆరున్నర, ఏడు. ఏడు దాటిందంటే ఎక్కువగా బియ్యమే కొంటున్నారు. ప్రోటీన్ అంకె ఒక్కటే చూస్తే మోసపోతాం, ఎందుకంటే పిండి పలచనైతే అన్ని అంకెలూ తగ్గుతాయి. భాగిస్తే నీళ్ల సంగతి లెక్కలోంచి పోతుంది. ఉబ్బిన కవరు, మెరిసే బొమ్మ, ‘అమ్మ చేతి రుచి’ అనే మాట ఏవీ చెప్పని విషయం ఈ ఒక్క లెక్క చెబుతుంది.

కవరు ఉబ్బడం గురించి కూడా జనానికి అపోహ ఉంది. ఉబ్బితే పాడైనట్టు కాదు, లోపల సూక్ష్మజీవులు బతికే ఉన్నాయి కాబట్టి గ్యాస్ వస్తుంది. కాని తయారీ తేదీ నిన్నటిదై ఉండి కవరు ఇప్పటికే బిగిసిపోయి ఉంటే దారిలోనో కొట్లోనో చల్లదనం తప్పిందని అర్థం. రాత్రిపూట ఫ్రిజ్ కట్టేసే కొట్లు తక్కువేం కాదు. అలాంటి పిండి ఇంటికొచ్చిన మర్నాటికే పుల్లగా అవుతుంది. కవరు ముట్టుకుంటే జిల్లుమనాలి. గులాబీ, నారింజ మరకలు గాని, నూగు గాని, బూజు వాసన గాని ఉంటే పైన తీసేసి వాడటం కాదు, మొత్తం పారబోయాల్సిందే.

లూజు పిండి గురించి ఎక్కువ చెప్పేందుకు లేదు. లేబుల్ లేదు, తేదీ లేదు, రుబ్బేవాళ్ల శుభ్రత మీద నమ్మకమే ఆధారం. సోడా కలిపారో లేదో ఇడ్లీ వండాక తెలుస్తుంది. తెలుపు పోయి పసుపు ఛాయ వస్తుంది, నాలుక మీద సబ్బులాంటి జిడ్డు రుచి తగులుతుంది. ఉదయం రుబ్బి సాయంత్రానికి అమ్మేసే మనిషి మీకు తెలిస్తే అదృష్టం, ప్యాకెట్ కన్నా అదే నయం.

పొడి మిక్స్‌లో పులుపుకోసం, పొంగుకోసం వేర్వేరు సరుకులుంటాయి. రవ్వ, నూనె లేదా కొవ్వు, ఉప్పు, సోడా, నిమ్మ ఉప్పు. అసలు రవ్వ ఇడ్లీ పుట్టిందే కరువు రోజుల్లో. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బియ్యం దొరక్క గోధుమ రవ్వతో చేశామని బెంగళూరు ఎం.టి.ఆర్. హోటల్ వాళ్లు చెప్పుకుంటారు. కాబట్టి వంటకం మీద చిన్నచూపు అక్కర్లేదు, గొడవంతా పొడి ధరతోనూ సోడియంతోనూ. ఉప్పు, సోడా రెండిట్లోనూ సోడియం ఉంది. కవరు మీద 100 గ్రాములకు సోడియం 1000 మిల్లీగ్రాములు అని ఉంటే దాన్ని రెండున్నరతో హెచ్చించండి, రెండున్నర గ్రాముల ఉప్పుతో సమానం. పెద్దవాళ్లకు రోజంతటికీ 5 గ్రాముల ఉప్పు దాటొద్దని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెప్తోంది. పొద్దున్న నాలుగైదు ఇడ్లీలతోనే సగం కోటా అయిపోయినట్టే, ఇంకా చట్నీ, సాంబారు మిగిలే ఉన్నాయి. బీపీ ఉన్నవాళ్ల ఇంట్లో ఈ అంకె చూడకుండా కొనకూడదు. అలాగని ఇంటి పిండి దానంతటదే పత్యం అయిపోదు. పైన చెప్పిన కొలతకు చెంచాన్నర ఉప్పు, అంటే 9 గ్రాములు వేస్తే నాలుగు ఇడ్లీల్లో గ్రామున్నర లోపు ఉంటుంది. చేతికొచ్చినంత వేస్తే ఇంటి పిండీ మిక్స్‌తో సమానమే. పక్కన అల్లం పచ్చడో ఆవకాయో పడితే ఆ లెక్క వేరే.

ఇన్‌స్టంటే కావాలంటే ఆ పొడి ఇంట్లోనే కలిపి పెట్టుకోవచ్చు. రెండు చెంచాల నూనెలో ఆవాలు, పచ్చిశనగపప్పు, కరివేపాకు, నాలుగు జీడిపప్పు వేగాక రెండు గ్లాసుల బొంబాయి రవ్వ పోసి, సన్న మంట మీద రంగు మారకుండా కమ్మటి వాసన వచ్చేదాకా వేయించాలి. కరివేపాకు గలగలమనేదాకా వేగాలి, తడి మిగిలితే పొడికి పురుగు పడుతుంది. పూర్తిగా చల్లారాక డబ్బాలో పెడితే రెండు మూడు వారాలు ఉంటుంది. కావాల్సినప్పుడు గ్లాసు పొడికి గ్లాసు పెరుగు, అర గ్లాసు నీళ్లు, ఉప్పు కలిపి 20 నిమిషాలు నాననివ్వాలి. సోడా పావు చెంచా, అదీ ప్లేట్లలో పోసే ముందే. ముందే కలిపితే పొంగు గిన్నెలోనే అయిపోయి ఇడ్లీ చదునుగా దిగుతుంది. ఆ పావు చెంచాలోనే 300 మిల్లీగ్రాముల పైచిలుకు సోడియం ఉందని గుర్తుంచుకుని ఉప్పు తగ్గించాలి.

రుబ్బే పిండికి వస్తే, తప్పులు ఎక్కువగా జరిగేది పప్పు దగ్గరే. బద్దల కన్నా గుండ్లు బాగా పొంగుతాయి, పాతబడిన గుండ్లు ఏం చేసినా పొంగవు. నాలుగు గంటలు నానితే చాలు. నానబెట్టిన నీళ్లు పారబోయకుండా రుబ్బడానికి వాడుకోవచ్చు. నీళ్లు ఒకేసారి గుమ్మరిస్తే పప్పు రాళ్ల కింద జారిపోయి మెదగదు. దోసెడు దోసెడు చొప్పున పోస్తూ అరగంట తిప్పాలి. 200 గ్రాముల గుండ్లకు మొత్తం 350 మిల్లీలీటర్ల దాకా పడుతుంది. చుక్క పిండి నీళ్ల గిన్నెలో వేస్తే తేలాలి, మునిగితే ఇంకాస్త తిప్పాలి. మిక్సీ అయితే జార్ వేడెక్కుతుంది, ఆ వేడికి పిండి సరిగా పొంగదు. ఫ్రిజ్ నీళ్లు పోసి, ఆపి ఆపి తిప్పితే పనవుతుంది.

రవ్వను రెండు మూడు నీళ్లతో కడిగి రెండు గంటలు నానబెట్టి, నీళ్లు గట్టిగా పిండేసి రుబ్బిన పప్పులో కలపాలి. ఇడ్లీ మెత్తగా పేస్టులా వస్తోందంటే చాలా ఇళ్లలో కారణం ఈ పిండటం సరిగా లేకపోవడమే. చేత్తోనే కలపాలి, గిన్నె సగానికి మించకూడదు. ఎండాకాలం ఆరేడు గంటల్లో పొంగుతుంది, ఉప్పు పొద్దున్నే వేసుకోవచ్చు. చలికాలం పన్నెండు గంటలు దాటినా ఆశ్చర్యం లేదు. అమెరికాలో, ఇంగ్లండులో ఉన్నవాళ్లు ఓవెన్‌లో లైటు మాత్రం వేసి లోపల పెడుతుంటారు, పెరుగు తోడుపెట్టే సెట్టింగ్ ఉన్న కుక్కర్ కూడా పనికొస్తుంది. పొంగిన పిండిని గరిటెతో తిప్పి తిప్పి కలిపితే లోపలి గాలంతా పోతుంది. అంచు నుంచి నెమ్మదిగా తీసి ప్లేట్లలో వేయాలి. నీళ్లు మరుగుతున్నప్పుడే పెట్టి, 10 నుంచి 12 నిమిషాలు.

పిండిని రెండు డబ్బాల్లో సర్ది, రెండోది పొంగడం మొదలైన వెంటనే ఫ్రిజ్‌లోకి తోసేస్తే మూడు నాలుగు రోజులు ఆగుతుంది. బయట పెట్టి మిగిలింది మళ్లీ లోపల పెట్టడంతోనే పులుపు ముదురుతుంది.

పులిసేదాకా ఆగే ఓపిక లేనివాళ్లు మిక్స్ ప్యాకెట్ వైపు కాకుండా పెసల వైపు చూడాలి. పెసలు రాత్రి నానేస్తే పొద్దున్నే గుప్పెడు బియ్యం, అల్లం, పచ్చిమిర్చి, జీలకర్రతో పది నిమిషాల్లో మిక్సీలో అయిపోతాయి. పులియాల్సిన పని లేదు, సోడా అక్కర్లేదు, ప్రోటీన్ ఇడ్లీ కన్నా ఎక్కువ. ఇక ఫ్రిజ్‌లో పుల్లబడిపోయిన ఇడ్లీ పిండి, ఇంటిదైనా ప్యాకెట్‌దైనా, వాసన బాగున్నంతవరకూ పారేయక్కర్లేదు. ఉల్లిపాయ, పచ్చిమిర్చి తరిగేసి రెండు చెంచాల బియ్యప్పిండితో గట్టి చేస్తే గుంత పొంగణాలకు సరిపోతుంది, గుంటకు అర చెంచా నూనె చాలు. అదే పిండి పునుగులకు వాడితే పిండి గట్టిగా ఉండాలి, పలచనైన కొద్దీ నూనె తాగుతుంది.