ఒకే మిగ్-21, రెండు సైజులు: 1/72 మేలా, 1/48 మేలా?

2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో మిగ్-21కి వాయుసేన వీడ్కోలు చెప్పింది. 1963లో చేరిన విమానం, అరవై రెండేళ్ల సర్వీసు. ఆ సాయంత్రమే మా వాట్సాప్ గ్రూపులో మాస్టారి మెసేజ్ వచ్చింది: "సంక్రాంతికి తలా ఒక మిగ్ కట్టాలి. డాబా మీద గదిలో బల్ల ఖాళీ చేయించాను."

మేం ఐదుగురం. విశాఖలో ఆదివారాలు కలిసి ప్లాస్టిక్ విమానాలు అతుకుతుంటాం. మాస్టారు నేవీలో విమానాల టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యారు. ఇప్పుడు బీచ్ రోడ్డులో మ్యూజియంగా ఉన్న టీయూ-142 రకం విమానాల దగ్గర ఆర్కోణంలో ఏళ్ల తరబడి పనిచేశారు. ఇంకొకాయన నాన్నగారు సునాబెడా ఫ్యాక్టరీలో చేసేవారు. ప్రభుత్వ విమానాల కంపెనీ హెచ్‌ఏఎల్ మిగ్‌ల బాడీ నాసిక్‌లో, ఇంజన్లు కోరాపుట్ దగ్గరి సునాబెడాలో, ఎలక్ట్రానిక్స్ హైదరాబాద్‌లో తయారుచేసేది కదా. అందుకని ఆయనకి మిగ్ అంటే చుట్టరికం. ఇంజనీరింగ్ చదివే కుర్రాడు ఒకడు, ఈమధ్యే చేరిన బడిపంతులు ఒకాయన, నేను.

ఇలా అందరూ ఒకే విమానాన్ని ఒకే గడువుకి కట్టడాన్ని ఈ హాబీలో గ్రూప్ బిల్డ్ అంటారు. విమానం, గడువు ఖరారయ్యాయి. సైజు, రంగులు ఎవరిష్టం వాళ్లది అన్నారు. గొడవ అక్కడే మొదలైంది. ఇద్దరు 1/72 అన్నారు, ఇద్దరు 1/48 అన్నారు. బడిపంతులుగారు "ఏది మేలో చెప్పండి, అదే కొంటాను" అన్నారు. ఆయనకి ఆ రోజు ఎవరం సరిగ్గా చెప్పలేకపోయాం. ఇప్పుడు ఐదు మిగ్‌లూ పూర్తయ్యాయి కాబట్టి చెప్పగలను.

ముందు లెక్క. 1/72 అంటే ఆరడుగులు ఒక అంగుళం అవుతుంది. ఆరడుగుల మనిషి అంగుళం బొమ్మ అన్నమాట. 1/48 అంటే అడుగుకి పావు అంగుళం. మిగ్-21 రెక్కల కొస నుంచి కొసకి 7.15 మీటర్లు. 72లో అది 10 సెంటీమీటర్ల లోపే, 48లో దాదాపు 15. ఐదు సెంటీమీటర్లేగా తేడా అనిపిస్తుంది. కానీ రంగు వేయాల్సిన వైశాల్యం రెండుంపావు రెట్లు అవుతుంది, పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి చూస్తే షెల్ఫులో ఆక్రమించే జాగా మూడు రెట్లు దాటుతుంది. బాక్సు మీద బొమ్మ చూసి కొనేటప్పుడు ఈ సంగతి ఎవరికీ తట్టదు. నాకూ తట్టలేదు.

యుద్ధ విమానాల్లో మిగ్ చిన్నదే. కాబట్టి దీనికి 48 పెద్ద ఇబ్బంది కాదు. అదే రెండో ప్రపంచ యుద్ధం నాటి లాంకాస్టర్ బాంబర్‌ని తీసుకోండి. రెక్కలు 31 మీటర్లు. 72లోనే 43 సెంటీమీటర్లు వస్తుంది. 48లో 65. అది షెల్ఫులో పట్టదు, టీవీ స్టాండు కావాలి. ఇక టీయూ-142 అయితే 50 మీటర్ల రెక్కలు. దాన్ని 72లో కడితే 70 సెంటీమీటర్లు. మాస్టారు ఆ విమానం కట్టాలని ఎప్పట్నుంచో అనుకుంటున్నారు గానీ, 1/144లో తప్ప ఇంట్లో చోటు లేదు. రకరకాల విమానాలన్నీ పక్కపక్కనే ఒకే కొలతలో పేర్చుకుని, చిన్న యుద్ధ విమానం స్పిట్‌ఫైర్ ఎంత, లాంకాస్టర్ ఎంత అని చూసుకోవాలనుకునేవాళ్లకి 72ని మించింది లేదు. ఈ ఒక్క విషయంలో నాకు అనుమానమే లేదు.

ఇక కట్టడం. కుర్రాడు, సునాబెడా ఆయన 72లో జ్వెజ్డా కంపెనీ వాళ్ల మిగ్-21బిస్ (మిగ్-21లో ఒక రకం) కిట్ తీసుకున్నారు. నేను, మాస్టారు 48లో ఎడ్వర్డ్ కంపెనీ వాళ్లది తీసుకున్నాం. పంతులుగారు చివరికి ధర చూసి 72 వైపు వెళ్లారు. మా కిట్ ధర ఆయన కిట్‌కి రెండింతల పైనే పడింది మరి.

చిన్నది తేలిక, పెద్దది కష్టం అనుకుంటారు కొత్తవాళ్లు. సగమే నిజం. ముక్కలు తక్కువ కాబట్టి 72 త్వరగా రూపానికి వస్తుంది. కుర్రాడు రెండు ఆదివారాల్లో రెక్కలు అతికించేశాడు. అప్పటికి నేనింకా కాక్‌పిట్‌లో సీటు బెల్టులతో కుస్తీ పడుతున్నాను. కానీ ఆ చిన్న ముక్కల్ని పట్టుకోవాలంటే పట్టకారు తప్పదు, చత్వారం ఉంటే భూతద్దం కూడా తప్పదు. ముక్కు మీది సన్నటి గొట్టం పంతులుగారి పట్టకారులోంచి ఎగిరి ఎక్కడో పడింది. ఐదుగురం చీపురు పట్టుకుని ఊడ్చినా దొరకలేదు. చివరికి ఇంజెక్షన్ సూది కోసి అక్కడ పెట్టారు. ప్లాస్టిక్ గొట్టం కంటే అదే బాగుందని ఇప్పుడు అందరం ఒప్పుకుంటాం. నాకు నలభై ఏడేళ్లు. దగ్గరి వస్తువులు మసకబారుతున్నాయి. నేను 48 వైపు మొగ్గడానికి అసలు కారణం నా కళ్లేనని అప్పుడు ఒప్పుకోలేదు గానీ, ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఇంకో సంగతి. విమానం ఒంటి మీద రేకుల అతుకుల్ని కిట్‌లో సన్నని గాడులుగా చెక్కి ఇస్తారు. గాడి వెడల్పు మిల్లీమీటరులో ఐదో వంతు అనుకుందాం. 72లో అది అసలు విమానం మీద 14 మిల్లీమీటర్ల సందు కింద లెక్క. అలాంటి సందులున్న విమానాన్ని ఎవరైనా ఎగరనిస్తారా? అదే గాడి 48లో 10 మిల్లీమీటర్ల లోపు. అదీ ఎక్కువే అయినా కంటికి నప్పుతుంది. అందుకే 72లో గాడుల్లోకి నల్ల రంగు దట్టంగా పారిస్తే విమానం గళ్ల లుంగీలా తయారవుతుంది. కుర్రాడు మొదట నలుపే పోశాడు. తుడిచేసి, ఒంటి రంగుకి కాస్త ముదురు బూడిద రంగు పారించాక తేరుకుంది.

ముక్కు కింద చక్రం ఉన్న విమానాలకి ఇంకో చిక్కుంది. ముక్కులో బరువు పెట్టకపోతే కొన్ని తోక మీద కూలబడతాయి. వలలకి కట్టే సీసం గుండ్లు ఫిషింగ్ హార్బర్ దగ్గర దొరుకుతాయి. మిగ్ ముక్కులోని శంకువు బోలుగా ఉంటుంది, వాటిని అందులో కూరేశాం. 48లో దండిగా పట్టాయి. 72లో గుండుని సుత్తితో సాగగొట్టి దూర్చాల్సి వచ్చింది.

సైజు గొడవ కంటే పెద్ద గొడవ రంగుల దగ్గర జరిగింది. కుంచెతోనా, గాలి ఒత్తిడితో రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్‌తోనా? నిజానికి ఈ రెండు ప్రశ్నల్నీ విడదీసి చూడకూడదు. 72 సైజు మిగ్ రెక్క చూపుడువేలు పొడవు కూడా ఉండదు. కుంచెతో ఒక్క ఊపులో ఈ కొస నుంచి ఆ కొసకి వెళ్లిపోవచ్చు. 48లో మధ్యలో ఆగక తప్పదు, ఆగినచోటల్లా చార పడుతుంది. కుంచె పట్టేవాళ్లకి 72, ఎయిర్‌బ్రష్ ఉన్నవాళ్లకి 48 నప్పడానికి సగం కారణం ఇదే.

సునాబెడా ఆయన వయేహో (Vallejo) వాళ్ల నీళ్ల రంగులతో, చదును కుంచెతో వేశారు. రంగుని ఒక పింగాణీ పలక మీద నీళ్లతో పలచన చేసి, మొదటి పూత వేసినప్పుడు చూడాలి: బూడిద ప్లాస్టిక్ మీద బూడిద రంగు అక్కడక్కడా మరకల్లా ఉంది. "ఇదేంటి బాబాయ్, పూర్తిగా పాడైంది" అన్నాడు కుర్రాడు. ఆయన మాట్లాడలేదు. ఇరవై నిమిషాలు ఆరనిచ్చి, మొదటి పూతకి అడ్డంగా రెండోది వేశారు. మళ్లీ ఆరనిచ్చి మూడోది. నాలుగో పూతకి మరకలు పోయాయి, కుంచె చారలు వెతికినా కనపడలేదు. అదే పని టామియా కంపెనీ అక్రిలిక్ రంగులతో చేస్తే రెండో పూత మొదటిదాన్ని కరిగించి లేపేస్తుంది. అవి ఎయిర్‌బ్రష్‌లో హాయిగా ఉంటాయి, కుంచెకి మాత్రం మొండికేస్తాయి. కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. కుంచె తప్పు కాదు, రంగు ఎంపిక తప్పు.

నేను ఎయిర్‌బ్రష్‌తో వేశాను. దానికి గాలి అందించే కంప్రెసర్ మా గ్రూపుది, అందరం చందా వేసి కొన్నాం. 0.3 మిల్లీమీటర్ల సూది, 15 నుంచి 20 పీఎస్‌ఐ ఒత్తిడి. "రంగు పాలలా ఉండాలి బాబూ, పెరుగులా కాదు" అని మాస్టారు ప్రతిసారీ అంటారు. కుదిరిందంటే దానికి సాటి లేదు. పది నిమిషాల్లో రెక్కలు రెండూ అయిపోతాయి, రంగుకి రంగుకి మధ్య అంచు పొగలా కలిసిపోతుంది. ఆ తర్వాత కడగడానికి అరగంట. ఈ అరగంట గురించి యూట్యూబ్‌లో ఎవరూ చూపించరు.

దీనికి తోడు మన వాతావరణం. అక్టోబరు చివర్లో మొంథా తుపాను వచ్చిన వారం గోడలు కూడా చెమ్మగా ఉన్నాయి. డెకాల్స్ (విమానం మీది గుర్తుల స్టిక్కర్లు) అంటించే ముందు ఒంటి మీద నున్నటి పూత ఉండాలి, లేకపోతే స్టిక్కర్ కింద గాలి చిక్కుకుని వెండి మచ్చలా మెరుస్తుంది. ఆగలేక ఆ తేమలోనే లాకర్ క్లియర్ (థిన్నర్‌తో కలిపే, రంగులేని మెరుపు పూత) కొట్టాను. కళ్లముందే విమానం మొత్తం పాలిపోయి తెల్లగా అయిపోయింది, బూజు పట్టినట్టు. నెల రోజుల పని. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మాస్టారికి ఫోన్ చేస్తే "ముట్టుకోకు. ఎండ వచ్చాక చూద్దాం" అన్నారు. నాలుగు రోజుల తర్వాత, బాగా ఎండకాసిన మధ్యాహ్నం, ఒట్టి థిన్నర్‌ని దూరం నుంచి పలచగా కొట్టించారు. తెలుపు మెల్లగా కరిగి లోపలి రంగు బయటికి వచ్చింది. లాకర్ ఆరేటప్పుడు గాలిలో తేమని పట్టుకుంటే అలా అవుతుందట. కుంచెవాళ్ల నీళ్ల రంగులకి ఆ బెంగ లేదు, ఆలస్యంగా ఆరాయి, అంతే.

లాకర్ల విషయంలో ఇంకో హెచ్చరిక. వాటి ఆవిరి మంచిది కాదు. కరోనా నాటి మాస్కు దుమ్మునైతే ఆపుతుంది గానీ థిన్నర్ ఆవిరిని ఆపదు. దానికి కార్ట్రిజ్ ఉన్న మాస్కు కావాలి, కిటికీ తెరిచి ఉండాలి. చిన్నపిల్లలున్న ఫ్లాట్‌లో నేనైతే లాకర్ జోలికి వెళ్లను. ఎనామిల్ రంగులు కూడా వాసనే, పైగా ఆరడానికి ఒక రోజు పైన పడుతుంది. చిన్నప్పుడు హంబ్రోల్ డబ్బాలు మూత తెరిస్తే వచ్చే ఆ వాసన నాకు ఇప్పటికీ ఇష్టం, అది వేరే విషయం.

ఎయిర్‌బ్రష్ లేకుండా కుదరని విమానాలూ ఉన్నాయి. జర్మన్ మెస్సర్‌ష్మిట్ 109 పక్కల మీద మసకమసకగా ఉండే మచ్చలు కుంచెతో వేస్తే చిరుతపులి మచ్చలవుతాయి. రంగు లేకుండా రేకు మెరిసే అమెరికన్ మస్టాంగ్ కూడా అంతే. ఆకుపచ్చ, మట్టిరంగు స్పష్టమైన అంచులతో కలిసే తొలినాటి స్పిట్‌ఫైర్ అయితే కుంచెకి వరం. మొదటి విమానంగా నేనెవరికైనా అదే చెబుతాను.

కలిసి కట్టడం వల్ల నాకు తెలిసొచ్చిన తేడా ఒకటుంది. ఒంటరిగా కడితే 48 ఎక్కువగా పూర్తికాదు. నా అటక మీద నాలుగు 48 బాక్సులు సగంలో ఉన్నాయి, 72వి ఒక్కటీ సగంలో లేదు. గ్రూపులో కడితే అది మారింది, ఆదివారం ఖాళీ చేతులతో వెళ్లడానికి మొహమాటం కదా. కంప్రెసర్ అందరిదీ, ఆగిపోయినచోట చెప్పేవాడు పక్కనే ఉన్నాడు. కాబట్టి ఒంటరిగా మొదలుపెట్టేవాళ్లకి, చోటు తక్కువున్నవాళ్లకి, కుంచెతో సరిపెట్టుకుందామనుకునేవాళ్లకి, పెద్ద బాంబర్ల మీద మనసున్నవాళ్లకి 72 మేలు. నలభై ఐదు దాటి, ఆదివారం బల్ల చుట్టూ నలుగురు ఉండి, కాక్‌పిట్‌లోకి తొంగి చూడటమే ఇష్టమైతే 48. ఇక 1/32 సంగతి అడగకండి, అది చేతిలో డబ్బూ, అల్మరాలో ఖాళీ రెండూ ఉన్నవాళ్లకి.

భోగి రోజున ఐదు మిగ్‌లనీ మాస్టారి బల్ల మీద వరుసగా పెట్టాం. పంతులుగారిది మూడు కాళ్ల మీద సరిగ్గా నిలబడలేదు, కొంచెం ఎడమకి ఒరిగింది. ముక్కు మీద ఇంజెక్షన్ సూది తళతళలాడుతోంది. సునాబెడా ఆయన మనవరాలు వచ్చి, నా 48ని పక్కకి జరిపి, దాన్నే చేతిలోకి తీసుకుంది.