ఈఎస్ఐ వృత్తి శిక్షణ భృతి: బెంగళూరు ప్రెస్ షాపు కార్మికులకు ఎంతవరకు పనికొస్తుంది?

పీణ్య, బొమ్మసంద్రల్లో లోహపు రేకులు నొక్కే ప్రెస్ మెషిన్ల మీద పనిచేసే మనవాళ్లకు ఈఎస్ఐ అంటే రాజాజీనగర్ ఆసుపత్రి, మందుల చీటీ. చెయ్యి పోయినవాడు వేరే పని నేర్చుకోవడానికి కూడా ఈఎస్ఐ డబ్బిస్తుందన్న సంగతి అడిగితే తప్ప బయటికి రాదు.

పనిలో తగిలిన దెబ్బవల్ల శాశ్వత వైకల్యం 40 శాతానికి తగ్గకూడదు, వయసు 45 దాటకూడదు. దివ్యాంగుల నేషనల్ కెరీర్ సర్వీస్ సెంటర్ బెంగళూరులోనూ ఉంది. శిక్షణ అలాంటి చోట. అది నడిచినన్నాళ్లూ అసలు ఫీజు, లేదా రోజుకు 123 రూపాయలు, ఏది ఎక్కువైతే అది. నెలంతా వెళ్లినా 123 లెక్కన నాలుగు వేలు రావు. ఈ ఊళ్లో గది అద్దెకే చాలదది.

అసలు చిక్కు వైకల్య శాతం దగ్గరుంది. చట్టంలోని పట్టిక ప్రకారం బొటనవేలు మొత్తం పోతే 30 శాతం, ఒక చేతికి మూడు వేళ్లు పోయినా 30, నాలుగు పోతే 50. అంటే ప్రెస్ కింద బొటనవేలు ఒక్కటే పోగొట్టుకున్నవాడికి ఈ శిక్షణ అందదు. బొటనవేలు లేకుండా స్పానర్ పట్టి చూడమనండి! 45 ఏళ్ల గీత ఇంకా అన్యాయం. కొత్త పని దొరకడం కష్టమయ్యేది ఆ వయసు దాటాకే.

శాశ్వత వైకల్యానికి ఈఎస్ఐ ఇచ్చే పెన్షన్ మాత్రం గట్టిది. సగటు రోజు కూలి 500 అయితే పూర్తి రేటు అందులో 90 శాతం, 450. 50 శాతం నష్టానికి రోజుకు 225, జీవితాంతం. శిక్షణ తీసుకుని ఇంకోచోట చేరితే అది ఆగిపోతుందని భయపడేవాళ్లున్నారు. ఆగదు.

కేసు దెబ్బతినేది మొదటి రోజు కాగితాల్లోనే. అవయవం పోయిన ప్రమాదాన్ని యజమాని ఫారం 12లో వెంటనే తెలపాలి. కాంట్రాక్టరు 'ఇంట్లో పడ్డాడు' అని చెప్పి ప్రైవేటు ఆసుపత్రిలో చేర్పిస్తే కేస్ షీటులో అదే ఉండిపోతుంది, తర్వాత మార్పించడం నరకం. చేరేటప్పుడే 'డ్యూటీలో, ఫలానా మెషిన్ మీద' అని రాయించండి. చేరిన మొదటి రోజే దెబ్బ తగిలినా హక్కు ఉంటుంది, చందా కట్టిన రోజులు లెక్కకు రావు.

ఇక పనికి వెళ్లొచ్చని ఈఎస్ఐ డాక్టరిచ్చే ఫైనల్ సర్టిఫికెట్ వచ్చాక, వైకల్య శాతం తేల్చే మెడికల్ బోర్డుకు పంపమని బ్రాంచ్ ఆఫీసులో రాతపూర్వకంగా అడిగి, నకలు మీద ముద్ర వేయించుకోండి. బోర్డు శాతం తక్కువ వేస్తే మూడు నెలల్లోపు అప్పీలు చేయాలి.