మేడిపల్లి – ఉప్పల్ షేర్ ఆటో: పద్నాలుగేళ్ల వాడకం తర్వాత

నేను బండి నడపను. నేర్చుకుందామని ఒకసారి స్కూటీ ఎక్కి పక్కింటి గేటును గుద్దాక ఆ కోరిక తీరిపోయింది. 2011లో జనగామ నుంచి వచ్చి మేడిపల్లిలో ఇల్లు తీసుకున్నాం. వరంగల్, జనగామ వైపు వాళ్లకు హైదరాబాద్ అంటే ముందు ఉప్పలే. ఊరికి పోవాలంటే రోడ్డు మీదికి వచ్చి బస్సు ఎక్కడమే. నా ఉద్యోగం మాత్రం అమీర్‌పేటలో, ఒక ఆఫీసులో అకౌంట్స్. మా ఇంటి నుంచి ఉప్పల్ రింగురోడ్డు ఆరేడు కిలోమీటర్లు. ఆ ఆరేడు కిలోమీటర్లకు ఇన్నేళ్లుగా నేను వాడుతున్నది షేర్ ఆటో. సెలవులు, కరోనా నెలలు తీసేసినా ఏడు వేల సార్లకు తక్కువ ఎక్కి ఉండను. మిక్సీని రెండు నెలలు వాడి రివ్యూ రాస్తున్నారు జనం. ఆ లెక్కన నాకూ అర్హత ఉన్నట్టే.

ఎప్పుడూ ఎక్కనివాళ్ల కోసం ముందు ఒక మాట. షేర్ ఆటోకు టైం ఉండదు. నిండితే కదులుతుంది, అంతే. జనం వస్తే రెండు నిమిషాలు, రాకపోతే ఇరవై. డ్రైవర్ "ఎక్కు అక్కా, ఇప్పుడే పోతది" అంటాడు. ఆ 'ఇప్పుడే' ఎంతసేపో అతని మాటలో ఉండదు, ఖాళీ సీట్లలో ఉంటుంది. వాటిని చూసి మనమే లెక్క వేసుకోవాలి.

కొత్తలో నాకు ఈ లెక్క తెలియక, ముందు కనిపించిన ఖాళీ ఆటో ఎక్కి కూర్చునేదాన్ని. నా తర్వాత ఒకరు, పది నిమిషాలకు ఇంకొకరు. ఈలోపు వెనకాల వచ్చిన ఆటో నిండి వెళ్లిపోయేది. రెండు నెలలు ఆఫీసులో లేటు మార్కులు పడ్డాక అర్థమైంది: మొదటి సీటులో ఎప్పుడూ కూర్చోకూడదు. పాన్ డబ్బా దగ్గర ఫోన్ చూసుకుంటున్నట్టు నిలబడి, ఆటోలో ఐదుగురు అయ్యాక వెళ్లి ఆరో మనిషిగా ఎక్కాలి. కూర్చోగానే కదులుతుంది.

ఈ తెలివి నా ఒక్కదానికే కాదు, ఆ స్టాపులో అందరికీ ఉంది. ఉదయం ఎనిమిదిన్నరకు చూడండి. మూడు ఆటోలు ఖాళీగా, వాటి చుట్టూ పదిమంది ఎవరికీ ఎక్కడికీ పోయే పని లేనట్టు నిలబడి ఉంటారు. ఎవరు ముందు ఎక్కుతారా అని ఒకరినొకరు ఓరగా చూసుకుంటుంటారు. దీనికి డ్రైవర్లు కనిపెట్టిన మందే డమ్మీలు. పక్క ఆటో డ్రైవర్, టీ కొట్టు కుర్రాడు, ఏ పనీ లేని స్నేహితుడు, ఎవరో ముగ్గురు వెనక సీట్లో కూర్చుంటారు. మనం "ఆహా, వెనక ఒక్క సీటే ఖాళీ" అనుకుని పరుగున ఎక్కుతాం. ఇంకొకరు వస్తారు. అప్పుడు డమ్మీ నెమ్మదిగా దిగి బీడీ ముట్టిస్తాడు. మరొకరు వస్తే రెండో డమ్మీ దిగుతాడు. మొదటిసారి చూసినప్పుడు ఒళ్లు మండింది. రెండేళ్లకు ఎవరు డమ్మీయో ముఖం చూసి చెప్పేదాన్ని: చేతిలో బ్యాగు ఉండదు, కాళ్లకు చెప్పులు వదిలేసి ఉంటాడు, ఎక్కినవాళ్లకు చోటివ్వడానికి తెగ జరుగుతాడు.

ఇక సీట్లు. రూలు ప్రకారం ఆటోలో డ్రైవర్ కాక ముగ్గురు. మా లైనులో వెనక నలుగురు, డ్రైవర్‌కు అటొకరు ఇటొకరు. ఒళ్లో కూర్చునే పిల్లలు లెక్కలోకి రారు. నలుగురు ఒక వరసలో పట్టరు కాబట్టి ఒకరు వెనక్కి ఆనుకుంటే పక్కవాళ్లు అంచు మీదికి జరిగి కూర్చోవాలి, మళ్లీ ఒకరు వెనక్కి, ఒకరు ముందుకు. ఎవరూ చెప్పరు, ఎక్కగానే భుజాలే సర్దుకుంటాయి. కుడివైపు మూలకు ఇనుప కడ్డీ ఉంటుంది, పడిపోతామన్న భయం లేదు. కానీ మధ్యలో దిగాలంటే మిగతా ముగ్గురినీ దింపాలి. ఎడమవైపు చివర గాలి బాగా తగులుతుంది, మోకాలు మాత్రం బయటే. నడుమ కూర్చుంటే భద్రం, ఎండాకాలంలో ఉడికిపోతాం. నా ఓటు కుడి మూలకే, ఎందుకంటే నేను చివరి స్టాపుదాన్ని.

ఎడమ చివర ఎందుకు వద్దంటానో చెప్తాను. 2014లో ఒక రోజు ఆ చివర కూర్చున్నాను. చున్నీ కొస ఎప్పుడు జారిందో, వెనక చక్రంలో పడి మెడ దగ్గర ఒక్క లాగు లాగింది. పక్కనావిడ కేక వేసింది, డ్రైవర్ బ్రేకు కొట్టాడు. చున్నీ పోయింది, మెడ మీద ఎర్రటి గీత వారం రోజులుంది. చీరకొంగైనా చున్నీ అయినా ఎక్కేముందే ముడి వేసుకోండి. ఈ రివ్యూలో ఇంకేమీ గుర్తుండకపోయినా ఇది గుర్తుంటే చాలు.

ఆరుగురిని ఎందుకు కుక్కుతారని నేనూ గొడవ పడ్డాను. అకౌంట్స్ మనిషిని కదా, ఒకరోజు కాగితం మీద వేసి చూశాను. 2014లో ప్రభుత్వం పెట్టిన మీటరు రేటు మొదటి 1.6 కిలోమీటర్లకు 20 రూపాయలు, ఆపైన కిలోమీటరుకు 11. ఆ లెక్కన ఏడు కిలోమీటర్లకు దాదాపు 80. మనిషికి 20 చొప్పున ముగ్గురిని ఎక్కిస్తే వచ్చేది 60. నలుగురైతే మీటరుకు సరిపోయింది. గ్యాసు బంకులో లైను, ఫైనాన్స్ కిస్తీ, మధ్యాహ్నం ఖాళీగా తిరిగి రావడం, ఇవన్నీ ఐదో సీటు, ఆరో సీటు మీదే గడవాలి. అంటే ముగ్గురినే ఎక్కించుకో అని నేను గట్టిగా అడిగితే నా 20 రూపాయల సీటు ఉండదు. అడగడం మానేశాను. అది తప్పేనని తెలుసు.

ఆ 20 కూడా మొదటి నుంచీ లేదు. నేను వచ్చినప్పుడు 10. మెట్రో ఛార్జీ మారితే పేపర్లో వస్తుంది. 2025 మేలో కనీస ఛార్జీ 10 నుంచి 12 అయి, వారం తిరిగేసరికి తగ్గింపుతో 11 అయిందని ఊరంతా మాట్లాడుకున్నారు. షేర్ ఆటోకు ఏ ప్రకటనా ఉండదు. ఒక సోమవారం పొద్దున పది రూపాయల నోటు ఇస్తే డ్రైవర్ చెయ్యి చాపే ఉంచుతాడు. "పదిహేను అక్కా, అందరు గంతే తీస్కుంటున్నరు." ఆ 'అందరు' ఎక్కడ కూర్చుని నిర్ణయించారో ఈ రోజుకీ నాకు తెలియదు. కానీ లైను మొత్తం ఆ రోజు నుంచి పదిహేనే. చిల్లర గొడవలు మాత్రం ఫోన్‌పే వచ్చాక పోయాయి. కాకపోతే ఆరుగురి మధ్య ఇరుక్కుని బ్యాగులోంచి ఫోను తీయడం అయ్యే పని కాదు, దిగాకే. వెనక బండ్లు హారన్ కొడుతుంటే స్కాన్ చేసి, డబ్బాలోంచి 'ఇరవై రూపాయలు' అని వినిపించేదాకా నిలబడాలి.

2017 నవంబరు 29న నాగోల్ నుంచి మెట్రో జనానికి తెరిచారు. అంతకుముందు నేను ఉప్పల్‌లో సికింద్రాబాద్ బస్సెక్కి, అక్కడ అమీర్‌పేట బస్సు మారేదాన్ని. గంటన్నర పట్టేది. మెట్రోలో ఉప్పల్ నుంచి అమీర్‌పేట అరగంట లోపే. విచిత్రం ఏమిటంటే, మెట్రో వచ్చాకే నాకు షేర్ ఆటో మీద చిరాకు పెరిగింది. గంటన్నర ప్రయాణంలో పది నిమిషాలు ఆటో నిండేదాకా కూర్చోవడం లెక్కలోకి వచ్చేది కాదు. అరగంట ప్రయాణంలో అదే పది నిమిషాలు కొండంత కనిపిస్తుంది. పైగా ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఎలివేటెడ్ కారిడార్ పనులు 2018లో మొదలయ్యాయి. పిల్లర్లు లేచాయి, కింద రోడ్డు గుంతలు పడింది, ఏళ్ల తరబడి మేం దుమ్ము తింటూనే ఉన్నాం. కొన్ని రోజులు ఆ ఏడు కిలోమీటర్లకు పట్టిన టైములో మెట్రో నన్ను అమీర్‌పేటలో దింపి మళ్లీ ఉప్పల్ తెచ్చేది.

సాయంత్రాలు మాత్రం వేరే. రైలు దిగిన జనం ఒక్కసారిగా కిందికి వస్తారు, మెట్ల దగ్గరే ఆటోలు నిండిపోతాయి. పొద్దున డమ్మీలను కూర్చోబెట్టుకునే డ్రైవరే సాయంత్రం ఏడింటికి "మేడిపల్లి, నారపల్లి" అని ఒక్క కేక వేస్తే చాలు. 2023 జూన్‌లో స్కైవాక్ తెరిచాక ఆ నాలుగు రోడ్ల కూడలిని బస్సుల మధ్య చెయ్యి అడ్డం పెట్టుకుని దాటే బాధ కూడా పోయింది. సాయంత్రం షేర్ ఆటోకు ఐదుకు నాలుగున్నర ఇస్తాను, పొద్దున దానికి రెండున్నర. వాన పడితే మార్కులు లేవు. పక్కల దించిన టార్పాలిన్ ఎడమ చివరి వాళ్లనే కాపాడదు, రేటు మాత్రం 40 అవుతుంది.

వీపు పూర్తిగా ఆనించి కూర్చున్న రోజులు కూడా కొన్ని ఉన్నాయి. 2020 మేలో లాక్‌డౌన్ సడలించినప్పుడు ఆటోలో ఇద్దరినే ఎక్కించుకోవాలన్నారు. మెట్రో సెప్టెంబరు దాకా లేదు. ఒక తెలిసిన డ్రైవర్‌తో మాట్లాడుకుని నేను, మా కాలనీ నర్సు ఒకామె, చెరొక మూల కూర్చుని వెళ్లేవాళ్లం. మనిషికి 50. అంత ఖాళీగా ఉంటే ఏదో మర్చిపోయి ఎక్కినట్టు ఉండేది.

ఆడవాళ్లకు దీనితో సుఖమా అని కొత్తగా వచ్చిన కొలీగ్స్ అడుగుతారు. పగలు అయితే ఔననే చెప్తాను. మా లైనులో ఒక పద్ధతి ఉంది. ఆడమనిషి ఎక్కితే వెనక కూర్చున్న మగవాళ్లలో ఒకరు మాట్లాడకుండా దిగి డ్రైవర్ పక్కకు వెళ్తారు. వెళ్లకపోతే డ్రైవరే "అన్నా, జర ముందుకు రా" అంటాడు. ఒకసారి టిఫిన్ డబ్బా మరిచిపోతే మూడు రోజులకు నాలుగో ఆటో డ్రైవర్ చేతి నుంచి నాకు చేరింది, అదీ కడిగి. రాత్రి పదైతే మాత్రం, లోపల ఇంకో ఆడమనిషి లేకపోతే ఎక్కను. యాప్‌లో ఆటో బుక్ చేస్తాను, 130, 140 అవుతుంది. దాంట్లోనూ ఒకసారి డ్రైవర్ సగం దారిలో ట్రిప్ క్యాన్సిల్ చేసి పీర్జాదిగూడలో దింపేశాడు. అక్కడి నుంచి మళ్లీ షేర్ ఆటోలోనే ఇంటికి చేరాను.

2023 డిసెంబరు 9న ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయింది. ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకుంటే చాలు. మొదటి వారాల్లో మా స్టాపులో ఆటోలు బోసిపోయాయి. తెలిసిన డ్రైవర్ ఒకతను, "మీకు బస్సు ఫ్రీ అయింది అక్కా, మాకు కిస్తీ ఫ్రీ కాలె" అన్నాడు. ఏం జవాబు చెప్పాలో తోచలేదు. నేను కూడా మూడు నెలలు బస్సులోనే వెళ్లాను. షేర్ ఆటోకు నెలకు వెయ్యి దాటుతుంది, ఆ వెయ్యి మా ఇంట్లో గ్యాస్ సిలిండర్. కానీ పొద్దున బస్సు మా దగ్గరికి వచ్చేసరికే మెట్ల దాకా నిండి ఉండేది. నడుము నొప్పి మొదలయ్యాక వెనక్కి వచ్చేశాను. ఇప్పుడు మధ్యాహ్నం పూట, ఆదివారం బస్సు; ఆఫీసు రోజుల్లో ఆటో. జీతానికి ముందు వారం మళ్లీ బస్సు.

పోయిన నెల ఒకరోజు త్వరగా స్టాపుకు వచ్చాను. ఒకే ఆటో, పూర్తిగా ఖాళీ. నేను అలవాటు ప్రకారం పాన్ డబ్బా దగ్గర నిలబడ్డాను. డ్రైవర్ నా దగ్గరికే వచ్చాడు. "అక్కా, మగ డమ్మీలను పెడ్తే ఆడోళ్లు ఎక్కుతలేరు. ఏమనుకోకు, నువ్వొచ్చి కూసో, నిన్ను చూసి ఇద్దరు ముగ్గురు ఎక్కుతరు." నవ్వొచ్చింది, వెళ్లి కుడి మూల కూర్చున్నాను. ఐదు నిమిషాల్లో కాలేజీ పిల్లలు ఇద్దరు, పూల బుట్టతో ఒక పెద్దమ్మ ఎక్కారు. ఉప్పల్‌లో దిగి 20 పంపబోతే పదే పంపమన్నాడు.