మార్సెయ్‌లో మూడేళ్లు: ముందు గాలి సంగతి చూసుకోండి

ఉద్యోగం పేరుతో మూడేళ్లు దక్షిణ ఫ్రాన్స్‌లోని రేవు పట్నం మార్సెయ్‌లో ఉండి, ఈ నెలలోనే సామాను సర్దేశాను. ఇన్నాళ్లూ మా ఇంట్లో దిగిన చుట్టాలకీ స్నేహితులకీ నేనే గైడ్‌ని. చూసినవే పదిసార్లు చూపించాక అర్థమైంది: ఇక్కడ ఏ రోజు ఏం చూడాలో తేల్చేది మనం కాదు, గాలి.

దాని పేరు మిస్ట్రల్. ఉత్తరం నుంచి రోన్ నది లోయ వెంట దూసుకొచ్చే చలిగాలి. ఆకాశంలో మబ్బు తునక ఉండదు, ఎండ ఫెళ్లున కాస్తుంటుంది. వీధిలోకి వస్తే స్కూటర్లు పక్కకి పడిపోయి ఉంటాయి. మొదటి ఏడాది ఆ ఎండను నమ్మి అమ్మానాన్నలను షటో దిఫ్‌కి బయలుదేరదీశాను. అది రేవుకి ఎదురుగా చిన్న దీవి మీద 16వ శతాబ్దంలో కట్టిన కోట, తర్వాత జైలయింది. టికెట్లు కొన్నాక చెప్పారు, అలల వల్ల పడవ అక్కడ ఆగదు, పక్కనున్న ఫ్రియూల్ దీవులకే పోతుందని. డబ్బులు వెనక్కివ్వలేదు. నాన్న తువ్వాలు తలకి చుట్టుకుని, చెట్టన్నది కనిపించని ఆ రాళ్ల మీద రెండు గంటలు కూర్చున్నారు. "దీనికోసమేనా వీసా ఇంటర్వ్యూకి అంత టెన్షన్ పడ్డాం" అని అమ్మ ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది. తర్వాత ఇంకోసారి వెళ్లి కోట చూశాను. 'ది కౌంట్ ఆఫ్ మాంటె క్రిస్టో' అనే పాత నవల వల్ల దానికంత పేరు. ఆ కథలోని ఖైదీ తవ్వాడంటూ గోడకి కన్నం కూడా చూపిస్తారు, అసలు పుట్టనే లేని మనిషికి! గంట చాలు.

పాత రేవు, అంటే వ్యూ పోర్, పొద్దున్నే వెళ్తేనే బాగుంటుంది. గట్టు మీద చేపలమ్మేవాళ్లు తొట్లలో పెట్టినవి ఇంకా కొట్టుకుంటూ ఉంటాయి. ఒళ్లంతా ముళ్లున్న ఎర్రటి రస్కాస్ చేపను చూడండి, బుయ్యబెస్ అనే వాళ్ల చేపల పులుసుకి ప్రాణం అదే. అమ్ముడుపోని ముళ్ల చేపలతో జాలర్లు కాచుకున్న వంటకం ఇవాళ మంచి హోటల్లో మనిషికి 60 యూరోలు దాటుతోంది. ముందు పులుసు, తర్వాత చేపలు విడిగా తెస్తారు. కుంకుమపువ్వు, వెల్లుల్లి ఘుమఘుమలాడుతాయి. కానీ చింతపండు పులుపు మరిగిన నాలుకకి ఏదో వెలితి. ఒకసారి తినండి, రెండోసారి నేను తినలేదు.

దానికి బదులు పానిస్ తినండి. శనగపిండిని నీళ్లలో ఉడికించి, చల్లారి గడ్డకట్టాక ముక్కలు కోసి నూనెలో వేయిస్తారు. పైన కరకర, లోపల మెత్తగా హల్వాలా. లెస్తాక్‌లో, సముద్రం పక్కన బండి దగ్గర, కాగితం పొట్లంలో ఇచ్చారు. ఉప్పు, మిరియాలు, అంతే. బజ్జీకి దూరపు చుట్టం. మా అత్త పర్సులోంచి కారం పొడి పొట్లం తీసి చల్లాక దగ్గరి చుట్టమైపోయింది.

కొండ మీది నోత్రదామ్ ద లా గార్ద్ చర్చికి 60వ నంబరు బస్సుంది, ఎక్కేయండి. ఊరివాళ్లు అక్కడి మేరీమాతని 'బోన్ మేర్' అంటారు, మంచి తల్లి అని. లోపల పైకప్పు నుంచి చిన్న చిన్న ఓడ బొమ్మలు వేలాడుతుంటాయి, సముద్రంలో గండం గడిచినవాళ్ల మొక్కుబళ్లు. విశాఖలో రాస్ హిల్ చూస్తూ పెరిగిన నాకు రేవునీ కొండమీది చర్చినీ విడదీసి ఊహించుకోవడం కష్టం, అక్కడే నాకు ఈ ఊరు నచ్చింది. గాలి రోజున మాత్రం ఆ మెట్ల మీద పిల్లల్ని గట్టిగా పట్టుకోండి.

మ్యూసెమ్ మ్యూజియం 2013లో తెరిచారు. లోపలి ప్రదర్శనలకి టికెట్టు, డాబా మీదకీ, వంతెన దాటి సెంట్ జాన్ కోటలోకీ ఉచితం. నేనైతే డాబాతోనే సరిపెట్టేవాణ్ని. ఆర్కిటెక్ట్ ల కోర్బూజియే 1952లో పూర్తి చేసిన అపార్ట్‌మెంట్ భవనాన్ని ఇక్కడివాళ్లు 'పిచ్చోడి ఇల్లు' అని పిలిచేవారు. 2016లో ఆయనే గీసిన మన చండీగఢ్ క్యాపిటల్ కాంప్లెక్స్‌తో కలిపి ఒకే జాబితాలో యునెస్కో గుర్తింపు వచ్చింది.

ఎవరూ చెప్పనిది మజార్గ్ యుద్ధ శ్మశానం. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వాళ్ల తరఫున పోరాడటానికి 1914 సెప్టెంబర్ చివర్లో మన సిపాయిలు ఈ రేవులోనే దిగారు. ఇక్కడ చనిపోయి దహనమైనవాళ్ల పేర్లు అక్కడ రాతి మీద ఉన్నాయి. నేను వెళ్లిన మూడుసార్లూ నేను తప్ప ఇంకెవరూ లేరు.

ఊరికి మైనస్సులూ చెప్పాలి. చెత్త. గాలి లేచిందంటే ప్లాస్టిక్ సంచులు మొహానికొచ్చి తగులుతాయి. మెట్రోలో నా ఫోన్ కొట్టేశారు. అయినా ఐదుకి నాలుగు ఇస్తాను, అందులో రెండు కలాంక్‌లవే. తెల్లటి సున్నపురాయి కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలవి, 2012 నుంచి జాతీయ పార్కు. లుమినీ దాకా బస్సు, అక్కడి నుంచి సుజితోన్ అనే కలాంక్‌కి గంటలోపు నడక. వేసవిలో ముందే బుక్ చేసుకోవాలి, ఉచితమే. కార్చిచ్చు భయం ఎక్కువున్న రోజు దారి మూసేస్తారు, ఆ ముందురోజు సాయంత్రమే చూసుకోండి.

ఆగస్టు కదా, నీళ్లు వెచ్చగా ఉంటాయనుకోకండి. మిస్ట్రల్ పైనున్న వెచ్చటి నీటిని ఒడ్డు నుంచి సముద్రం లోపలికి నెట్టేస్తే అడుగునున్న చల్లటి నీరు పైకొస్తుంది. రెండు రోజుల గాలి తర్వాత మా బావగారు, నేను చెప్తున్నా వినకుండా, బండ మీంచి దూకారు. దూకినంత వేగంగా పైకొచ్చి, తువ్వాలు చుట్టుకుని, థర్మాస్‌లో ఉన్న టీ మొత్తం ఒక్కరే తాగేశారు.